గొంతు మూసుకుందా, తెరిచే ఉందా?

ఫిలిప్స్ 2021 జూన్‌లో నిద్రలో శ్వాస ఆగిపోయేవారు వాడే తన సీప్యాప్ మిషన్లను వెనక్కి పిలిచింది. లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిపొడిగా రాలుతోందని తేలింది. అలా మిషన్ మార్చుకున్న పాఠకుడొకరు అడిగారు: "కొత్తది రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్. కంప్యూటర్‌లో ఉన్న ఆస్కార్ సాఫ్ట్‌వేర్ దీనికీ పనికొస్తుందా?"

పనికొస్తుంది. ఎస్‌డీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టండి, అందులోని శ్వాస నమోదును చదివి గీతలుగా చూపిస్తుంది. అయితే పాత మిషన్ చూపిన అంకెల్నీ కొత్తది చూపే అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చా? నన్ను పట్టుకున్న ప్రశ్న అది.

జవాబుకు ముందు మిషన్ చేసే పని చూద్దాం. కొందరికి నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. మాస్కు గుండా వచ్చే గాలి ఒత్తిడి దాన్ని తెరిచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ బృందం 1981లో ఈ చికిత్సను ప్రకటించింది. మూలసూత్రం ఇంతే.

చిక్కంతా తర్వాతే. శ్వాస రెండు కారణాలవల్ల ఆగవచ్చు. గొంతు మూసుకోవచ్చు, లేదా ఊపిరి తీయమన్న ఆజ్ఞ మెదడు నుంచి రాకపోవచ్చు. మొదటిదానికి ఒత్తిడి పెంచితే మేలు. రెండోదానికి పెంచితే లాభం లేదు, ఒక్కోసారి చెరుపు. ఛాతీ మీద ఒక్క తీగె కూడా లేకుండా, గొట్టానికి ఈ చివర కూర్చున్న మిషన్ ఏది ఏదో ఎలా పసిగట్టాలి?

ఎయిర్‌సెన్స్ చేసే పని చూడండి. శ్వాస కొన్ని సెకన్లు ఆగగానే సెకనుకు 4 సార్ల చొప్పున, సుమారు ఒక సెంటీమీటరు నీటి ఒత్తిడంత చిన్న అలలు పంపుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వింటామే, అచ్చం అదే. దారి తెరిచి ఉంటే ఒత్తిడి అలతోపాటు గాలి ప్రవాహమూ ఊగుతుంది. మూసుకుంటే దాదాపు కదలదు. ఫిలిప్స్ మిషన్లది వేరే దారి. అలలు కాకుండా ఒకటి రెండు ఒత్తిడి తోపులిచ్చి చూస్తాయి.

ఎయిర్‌సెన్స్ గాలి ప్రవాహాన్ని సెకనుకు 25 సార్లు రాసిపెడుతుంది కాబట్టి ఆస్కార్‌లో గీతను పెద్దది చేస్తే ఆ వణుకు కళ్లారా కనిపిస్తుంది! ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ నమోదు సెకనుకు 5 సార్లే. సెకనుకు నాలుగు అలలు పట్టాలంటే సెకనుకు కొలతలు 8 మించాలి.

ఈ అలల పద్ధతికి ముందు నడిచినవి ఊహలే. రెస్‌మెడ్ పాత ఆటో మిషన్లు ఒత్తిడి 10 సెంటీమీటర్లు దాటాక శ్వాస ఆగితే ఇక పెంచేవి కావు. అంత ఒత్తిడిలోనూ ఆగిందంటే తప్పు గొంతుది కాదని లెక్క. గొంతు మూసుకోకపోతేనే అది మెదడు తప్పు అన్న నమ్మకాన్నీ 1995లో సఫ్వాన్ బద్ర్ బృందం దెబ్బతీసింది. మెదడు ఆజ్ఞ ఆగినప్పుడు కూడా గొంతు ఇరుకై, కొందరిలో పూర్తిగా మూసుకుపోతుందని చూపింది. అంటే మిషన్ చెప్పగలిగేది దారి తెరిచి ఉందా లేదా అన్నంతవరకే, కారణం కాదు. ఆస్కార్ దారి తెరిచి ఉండగా శ్వాస ఆగిన ఘటనలకు 'క్లియర్ ఎయిర్‌వే' అని పేరు పెట్టి అంతటితో ఆగడం నాకు నచ్చుతుంది.

కొలబద్దలూ ఒకటి కావు. ప్రవాహం 75 శాతం తగ్గితే రెస్‌మెడ్ శ్వాస ఆగినట్టు రాస్తుంది. ఫిలిప్స్‌కు 80 కావాలి, నిద్ర పరీక్షశాలకు 90. మిషన్ మారిన వారంలో గంటకు ఘటనల సంఖ్య పెరిగిందని జబ్బు ముదిరినట్టు బెంబేలెత్తకండి. ముందు గీతల్ని చూడండి, డాక్టరుకు చూపించండి.

ఇక కార్డు మాట. కార్డును కంప్యూటర్‌లో పెట్టేముందు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపండి. లేకపోతే కంప్యూటర్ తన సొంత ఫైళ్లు దాంట్లో పడేస్తుంది. తిరిగి మిషన్‌లో పెట్టేటప్పుడు లాక్ తీయడం మరవకండి. కొత్త మిషన్ కొనేటప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి, మోడల్ పేరు మొత్తం రాసుకుని ఆస్కార్ జాబితాతో సరిచూసుకోండి. అదే రెస్‌మెడ్ అమ్మే ప్రయాణాల మిషన్ ఎయిర్‌మినీకి అసలు కార్డే లేదు. అంత ఖరీదు పెట్టి కొన్నవాడి ఊపిరి లెక్క వాడి చేతికి రాకుండా కంపెనీ యాప్‌లో ఉండిపోవడం నాకు మింగుడుపడదు.