మదీనాకు తొలి బోధకుడు – హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)

మక్కా యువకులలో మేలైన దుస్తులకూ, పరిమళ ద్రవ్యాలకూ పేరుపడినవారు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజియల్లాహు అన్హు). ఖురైష్‌లోని అబ్దుద్దార్ వంశానికి చెందిన సంపన్న కుటుంబం వారిది. తల్లి ఖునాస్‌కు కుమారుడంటే పంచప్రాణాలు. అర్ఖమ్ ఇంట దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ విని ఆయన ఇస్లాం స్వీకరించారు. సంగతి బయటపడగానే అయినవాళ్ళే ఆయనను నిర్బంధించారు. ఆయన తప్పించుకొని అబిసీనియాకు హిజ్రత్ చేశారు. తిరిగి మక్కా చేరేనాటికి ఒంటిమీద మిగిలినవి ముతక బట్టలే.

క్రీ.శ. 621లో యస్రిబ్ నుండి వచ్చిన 12 మంది అఖబా వద్ద ప్రమాణం చేశారు. వారికి ఖుర్ఆన్ నేర్పడానికి దైవప్రవక్త (సల్లం) ముస్అబ్‌ను పంపారు. ఆ యస్రిబే తరువాతి మదీనా. అక్కడి ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య పాత పగలు ఇంకా చల్లారలేదు. ఒక తెగవాని వెనుక నమాజు చేయడానికి మరొక తెగకు మనసొప్పదు. అందుచేత ఇమామత్ బాధ్యత కూడ ముస్అబ్‌దే అయింది.

ఆయన అస్అద్ బిన్ జురారా (రజి) ఇంట బస చేశారు. ఒకనాడు ఇద్దరూ ఒక తోటలో బోధిస్తూండగా ఔస్ నాయకుడు ఉసైద్ బిన్ హుజైర్ ఈటె పట్టుకొని వచ్చాడు. ప్రాణాలమీద ఆశ ఉంటే వెళ్ళిపొమ్మని గద్దించాడు. ముస్అబ్ శాంతంగా ఒక్క మాట అడిగారు: కూర్చుని కాస్త వినండి, నచ్చితే స్వీకరించండి, నచ్చకపోతే మేమే ఆపివేస్తాము. ఇది న్యాయమైన మాటే అని ఉసైద్ ఈటె నేలలో గుచ్చి కూర్చున్నారు. ఖుర్ఆన్ విన్నారు, ఇస్లాం స్వీకరించి లేచారు. ఆయన వెనుకనే సఅద్ బిన్ ముఆజ్ కోపంతో వచ్చారు. ఆయనకూ అదే మాట, అదే ఫలితం. ఆ సాయంకాలానికి వారి వంశంలో చాలామంది ముస్లిములయ్యారు. మరుసటి ఏడు, 622లో, అఖబా వద్ద ప్రమాణం చేయడానికి 70 మందికి పైగా వచ్చారు. హిజ్రత్‌కు మార్గం ఏర్పడింది.

625లో ఉహద్ యుద్ధంలో ముస్లిముల పతాకాన్ని మోస్తూ ముస్అబ్ షహీద్ అయ్యారు. కఫన్‌కు దొరికింది ఒక్క వస్త్రమే. తల కప్పితే పాదాలు, పాదాలు కప్పితే తల బయటపడేవి. దైవప్రవక్త (సల్లం) ఆజ్ఞ ప్రకారం తలను వస్త్రంతో, పాదాలను ఇజ్ఖిర్ గడ్డితో కప్పారు. చాలా ఏళ్ళ తరువాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకనాడు ఉపవాస విరమణకు కూర్చున్నారు. అప్పటికి ఆయన ఐశ్వర్యవంతులు. ఆ కఫన్ జ్ఞాపకం వచ్చి, ముస్అబ్ తనకంటె మేలైనవారని చెప్పి ఏడ్చి, ముందున్న భోజనాన్ని విడిచిపెట్టారు.

ఉసైద్‌తో ఆయన ఆడిన మాటలో బెదిరింపు లేదు, ప్రలోభం లేదు. వినమని కోరడం, నిర్ణయాన్ని వినేవారికే వదలడం మాత్రమే ఉన్నాయి. పొరుగువారికి ధర్మం తెలుపదలచిన ప్రతి ముస్లిముకూ ముస్అబ్ (రజి) చూపిన దారి ఇదే.