దవడ కింద సంచి దిగేదాకా ఆగొద్దు

ధర్మపురి: వానలు వెనకబట్టి చెరువులు తగ్గుతుంటే శిఖం భూముల్లో పచ్చగడ్డి లేస్తుంది. గొర్రెల మందలు, బర్రెలు అక్కడికే చేరతాయి. కార్జం జలగ పశువు కడుపులోకి పోయేది ఆ మేతతోనే.

రక్తం తాగే చెరువు జలగ వేరు, ఇది వేరు. ఇది ఆకులాగా చదునుగా ఉండి మూడంగుళాల దాకా పెరుగుతుంది. కార్జంలోని పిత్తనాళాల్లో కాపురం ఉంటుంది. పెండలో పడిన గుడ్లు నీటిలో పొదుగుతాయి. పిల్లలు నత్తలో దూరి, వందలుగా పెరిగి, బయటికొచ్చి నీటి అంచున గడ్డికి, వరి మొదళ్లకు అంటుకుంటాయి. 1879-80లో ఇంగ్లండులో దాదాపు 30 లక్షల గొర్రెలు ఈ జబ్బుతో చచ్చాయి. ఆ తర్వాతే, 1883 నాటికి, నత్త గుట్టు బయటపడింది. గోదావరి ఒడ్డున, శ్రీరాంసాగర్ కాలువల కింద ఉన్న పల్లెల్లో నీరు పంటకెంత మేలో నత్తకూ అంత మేలే.

జలగ చేరిన మూడు నాలుగు నెలలకు గాని గుడ్లు పెట్టదు. అందాకా పెండ పరీక్షలో ఏమీ కనబడదు. కాని పిల్ల జలగలు అప్పటికే కార్జాన్ని తొలుస్తుంటాయి. ఆ దశలోనే కొన్ని గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోతాయి. మిగతావి చిక్కిపోతాయి, పాలు తగ్గుతాయి, కనురెప్పల లోపలి భాగం తెల్లబడుతుంది. చివరికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పొట్టలోని ఇతర పురుగుల వల్ల కూడా ఇలా వాపు రావచ్చు. కనుక నాలుగైదు పశువుల తాజా పెండను శుభ్రమైన డబ్బీలో పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. పెండను నీటిలో కలిపి, అడుగున పేరిన మడ్డిని సూక్ష్మదర్శినిలో చూస్తే పసుపుపచ్చని గుడ్లు కనబడతాయి. మందలో గొర్రె చచ్చినా కార్జం కోయించి చూపించడం మంచిది.

దుకాణంలో దొరికే ప్రతి పురుగుల మందూ దీనికి పనిచేయదు. ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగలను చంపుతుంది, పిల్ల జలగలను వదిలేస్తుంది. ట్రైక్లాబెండజోల్ రెంటినీ చంపుతుంది. ఏది తాగించాలో, ఎంత తాగించాలో పశువు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. చూడి పశువైనా, పాలిచ్చేదైనా ముందే ఆ సంగతి చెప్పాలి. తక్కువ మోతాదు తాగిస్తే జలగలు మందుకు అలవాటు పడతాయి.

వానలకు ముందొకసారి, వానలు తగ్గాక మరోసారి మందంతటికీ ఒకేసారి తాగించాలి. శిఖంలో మేపకుండా, తొట్టిలో నీళ్లు పెట్టాలి. నీటి అంచున కోసిన గడ్డిని బాగా ఎండబెట్టి వేయాలి. పెండ చెరువులో కలవనీయరాదు. బాతులుంటే నత్తలు తగ్గుతాయి.

మాంసం తింటే ఈ జలగ మనిషికి పట్టదు. నీటి అంచున పెరిగే ఆకుకూరలు పచ్చిగా తింటే పట్టే వీలుంది. అయితే జలగలు పట్టిన కార్జాన్ని పూడ్చిపెట్టాలి.

దవడ కింద సంచి దిగిందంటే జలగ చేరి నెలలు గడిచాయన్న మాట. పెండ డబ్బీ దవాఖానకు చేరవలసింది అంతకు ముందే.