జిమ్‌కు ఏడాదిన్నర, షటిల్‌కు ఆరేళ్లు

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 8,577 మందిని పాతికేళ్ల వరకూ గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 2018లో ఒక లెక్క ప్రచురించారు. ఒళ్లు కదపకుండా గడిపేవాళ్లతో పోలిస్తే ఏ ఆట ఆడేవాళ్లు ఎన్నేళ్లు ఎక్కువ బతుకుతున్నారన్నదే ఆ లెక్క. హెల్త్ క్లబ్‌లో కసరత్తు చేసేవాళ్లకు 1.5 ఏళ్లు. జాగింగ్‌కు 3.2, ఈతకు 3.4, సైకిల్‌కు 3.7 ఏళ్లు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి 4.7, బ్యాడ్మింటన్‌కు 6.2, టెన్నిస్‌కు ఏకంగా 9.7.

ఈ అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి ఒకసారి చూడండి. తోడు లేనిదే ఆడలేని ఆటలు పైన ఉన్నాయి, ఒంటరిగా చేసుకోగలిగినవి కిందికి పోయాయి. నలుగురితో కలవడమే ఈ తేడాకు కారణం కావచ్చని ఆ పరిశోధకులూ అన్నారు. ఖాయంగా మాత్రం చెప్పలేదు. టెన్నిస్ ఆడేవాళ్లకు డబ్బు, చదువు, తీరిక కాస్త ఎక్కువే ఉంటాయి. ఆ తేడాలను గణితంతో సరిచేసే ప్రయత్నం చేశారు కానీ, ఇలాంటి అధ్యయనంలో అవి పూర్తిగా తొలగవు. కాబట్టి రాకెట్ పట్టగానే తొమ్మిదేళ్లు కలిసొస్తాయని అనుకోకూడదు.

మనసు సంగతికి అదే ఏడాది లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన మరో అధ్యయనం ఉంది. అమెరికాలో 12 లక్షల మందిని, గడిచిన నెలలో ఎన్ని రోజులు మనసు బాగోలేదని అడిగారు. వ్యాయామం లేనివాళ్లకు అలాంటివి 3.4 రోజులు, ఉన్నవాళ్లకు 2. అంతకుముందే డిప్రెషన్ ఉందని డాక్టర్లు తేల్చినవాళ్లలో తేడా ఇంకా పెద్దది: 10.9 రోజులకు బదులు 7.1. అన్నిటికంటే ఎక్కువ మేలు కనిపించింది జట్టుగా ఆడే ఆటల్లోనే. రోజుకు 45 నిమిషాలు, వారానికి మూడు నుంచి ఐదు రోజులు వ్యాయామం చేస్తే ఫలితం బాగుంది. రోజుకు మూడు గంటలు దాటినవాళ్ల పరిస్థితి, అసలు వ్యాయామం చేయనివాళ్లకంటే అధ్వానంగా కనిపించింది.

జట్టులో ఏముందో తెలియాలంటే తెల్లవారుజామున ఏదైనా కాలనీ షటిల్ కోర్టుకు వెళ్లి నిలబడితే చాలు. ముగ్గురొచ్చి నాలుగోవాడు రాకపోతే డబుల్స్ మొదలవదు. వెంటనే ఫోన్ వెళ్తుంది: ‘‘ఏం అన్నా, రెండ్రోజుల్నుంచి కనబడలేదు, ఒంట్లో బాగానే ఉందా?’’ పదవీ విరమణ చేసినవారికో, భార్యను పోగొట్టుకున్నవారికో ఆ రోజు వచ్చే ఫోన్ అదొక్కటే కావచ్చు. ట్రెడ్‌మిల్ ఆ ఫోన్ చేయదు. మందులు, కౌన్సెలింగ్ అవసరమైనవారికి ఆట వాటికి తోడే తప్ప బదులు కాదు. అలాంటప్పుడు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ కేంద్రంలో ఉచితంగా మాట్లాడవచ్చు.

మన దేశం లెక్క గుబులు పుట్టిస్తుంది. 2000లో పెద్దవాళ్లలో 22 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. 2022 నాటికి అది 49 శాతమైంది. మగవాళ్లలో 42 శాతమైతే ఆడవాళ్లలో 57. తగినంత అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల గట్టి శ్రమ.

ఈ 150 నిమిషాలు ఆటతో పూర్తి చేయడానికి ఎంత చోటు కావాలి? డబుల్స్ షటిల్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. గీతల లోపల 98 గజాలు. పొద్దున రెండు గంటల్లో ఒక్కొక్కరు 45 నిమిషాలు ఆడితే పదిమందికి సరిపోతుంది. రోజు విడిచి రోజు రెండు బృందాలొస్తే ఇరవై మంది. ఒక్కొక్కరికి వారానికి 135 నిమిషాల ఆట. ఇంటినుంచి నడిచి వచ్చి వెళ్తే 150 దాటుతుంది. వాలీబాల్ ఇంకా పొదుపు. 194 గజాల్లో ఒకేసారి పన్నెండు మంది, అంటే మనిషికి 16 గజాలు. మన పల్లెల్లో వాలీబాల్ నిలదొక్కుకోవడానికి అదీ ఒక కారణమే: రెండు స్తంభాలు, ఒక వల, ఒక బంతి ఉంటే ఊరు ఆడేస్తుంది. షటిల్‌లో ఈకల కాక్ రెండు మూడు గేములకే చీలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టే క్లబ్బు నైలాన్ కాక్‌తో ఆడితే చందా భారం తగ్గుతుంది.

అదే 98 గజాల్లో సాయంత్రం మరో రెండు గంటలు ఆడవాళ్లకు కేటాయిస్తే ఇంకో ఇరవై మంది. ఇక్కడే చాలా క్లబ్బులు పొరపాటు చేస్తున్నాయి. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర అంటే ఇంట్లో పాలు, టిఫిన్లు, పిల్లల క్యారేజీల వేళ. ఆ వేళకు రమ్మని పిలిచి, ఎవరూ రావడం లేదంటే ఎలా? లైట్లు, మరుగుదొడ్డి, పక్కన పిల్లలు ఆడుకునే కాస్త జాగా చూసి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వారి పేరున రాసిపెట్టాలి. మగవాళ్ల టోర్నమెంటు ఉన్నా ఆ రెండు గంటలూ ముట్టుకోకూడదు.