డ్రిప్ పెట్టాం, మరి ఉప్పు సంగతి?

శాన్‌డియాగో నుంచి అరిజోనా వైపు కారులో వెళ్ళినవారికి ఇంపీరియల్ వ్యాలీ తెలిసే ఉంటుంది. ఏడాదికి మూడు అంగుళాల వాన పడటమే గొప్ప. అయినా రోడ్డుకి రెండు వైపులా పచ్చటి పొలాలే! నీళ్ళన్నీ కొలరాడో నదివి.

ఆ నీటిలో లీటరుకి ముప్పావు గ్రాము దాకా ఉప్పు ఉంటుంది. ఎకరానికి అడుగు లోతు నీరు పెడితే దాదాపు టన్ను ఉప్పు పొలంలో చేరినట్టే. మొక్క నీళ్ళు తాగి ఉప్పుని వేళ్ళ దగ్గరే వదిలేస్తుంది. దాన్ని కిందికి కడగాలంటే పంట అవసరానికి మించి నీరు పెట్టాలి. ఆ ఉప్పునీరు భూమిలో పాతిన గొట్టాల గుండా సాల్టన్ సీకి పోతుంది.

ఎంత మించి? మామూలుగా వాడే లెక్క ప్రకారం, ఈ నీటితో లెట్యూస్ వేస్తే పెట్టిన నీటిలో సుమారు 20 శాతం వేళ్ళు దాటి కిందికి దిగాలి. అల్ఫాల్ఫా గడ్డి ఉప్పుని కాస్త ఓర్చుకుంటుంది కాబట్టి 12 శాతం చాలు.

డ్రిప్‌తో చిక్కు ఇక్కడే. చుక్కలు తడిపినంత మేర ఉప్పు అంచులకి జరిగి అక్కడే పేరుకుంటుంది. చిన్న జల్లు పడితే అదంతా మళ్ళీ వేళ్ళ మీదికి వస్తుంది. అందుకే అలాంటి చోట వాన పడుతున్నా డ్రిప్ ఆపవద్దంటారు. మనలాంటి ప్రోగ్రామర్లని ఆటోమేషన్ రాయమంటే మొదటి లైనే "వాన వస్తే పంపు ఆపు" అని కదా!

2003 ఒప్పందం ప్రకారం ఇక్కడ పొదుపు చేసిన నీరు శాన్‌డియాగోకి అమ్ముతున్నారు. పొలం చివర పొర్లిపోయే నీటిని ఆపితే అది నిజమైన పొదుపే (దానివల్ల సాల్టన్ సీ ఎండి దుమ్ము లేవడం వేరే కథ). ఉప్పు కడిగే నీటిని కోస్తే మాత్రం పొదుపు కాదు, భూమి దగ్గర చేసిన అప్పు.

మన రాష్ట్రంలోనూ 2003 నుంచి సబ్సిడీ మీద డ్రిప్ విస్తరించింది. ఊళ్ళో పొలానికి డ్రిప్ కోసం డబ్బు పంపేవారు మనలో ఉన్నారు. పంపేముందు బోరు నీటినీ మట్టినీ పరీక్ష చేయించమనండి, ఖర్చు తక్కువే. కడగడానికి బోరులో అదనపు నీరు ఎలాగూ ఉండదు కాబట్టి గట్లు వేసి వాననీటిని పొలంలోనే నిలపాలి. పాలచౌడు అలా దిగిపోతుంది. కారుచౌడైతే నీరొక్కటే చాలదు, ముందు జిప్సం వేయాలి.