కానరాని ద్రవ్యం – విశ్వమనే వల

క్రీ.శ. 964లో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ తన నక్షత్ర గ్రంథంలో ఆండ్రోమెడా రాశిలోని ఒక ‘చిన్న మేఘాన్ని’ నమోదు చేశాడు. అది మన పాలపుంత వంటి మరొక గెలాక్సీ అని తేలడానికి ఇంచుమించు వెయ్యేండ్లు పట్టింది. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ దాని భ్రమణవేగాన్ని కొలిచారు. కేంద్రానికి దూరమైన కొలదీ వేగం తగ్గవలసి ఉండగా, అది తగ్గలేదు. కనిపించే నక్షత్రాల ఆకర్షణ మాత్రమే ఆ వేగాన్ని భరించజాలదు. 1933లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీ గుంపులో ఇటువంటి లోటునే గుర్తించాడు. ఆ లోటును పూరించేదానికే కృష్ణ పదార్థమని పేరు. నేటి అంచనా ప్రకారం విశ్వంలోని మొత్తం శక్తి, ద్రవ్యాలలో అది సుమారు 27 శాతం. మనకు తెలిసిన పదార్థం 5 శాతమే.

ఈ ద్రవ్యం గుంపులుగా ఎట్లా చేరింది? తొలినాటి విశ్వం దాదాపు సమంగా ఉండేది. లక్షవంతులో ఒక వంతు పాటి హెచ్చుతగ్గులు మాత్రమే ఆనాటి వెలుగులో కనిపిస్తున్నాయి. సాధారణ పదార్థాన్ని ఆ వెలుగు ఒత్తిడి చిక్కబడనీయలేదు. కృష్ణ పదార్థానికి వెలుగుతో సంబంధం లేదు గనుక అది ముందే చిక్కబడసాగింది. ఎక్కువ ఉన్నచోటికి మరికొంత చేరింది. బాపట్ల తీరాన రామాపురంలో ఆరబెట్టిన చేపల వలను తలచుకుంటే ఫలితం బోధపడుతుంది: దారాల వెంట గెలాక్సీలు, ముడుల వద్ద వాటి పెద్ద గుంపులు, కన్నులలో దాదాపు శూన్యం. అయితే విశ్వపు వలలో కన్నులన్నీ ఒకే కొలతలో ఉండవు.

దీనిని కాగితంమీద లెక్కించడం అసాధ్యం. కంప్యూటరులో కోట్లాది బిందువులను ఉంచి, వాటి పరస్పర ఆకర్షణను అంచెలంచెలుగా గణిస్తారు. 2005లో వెలువడిన ‘మిలీనియం’ గణనలో వెయ్యి కోట్లకు పైగా బిందువులున్నాయి. ఒక్కొక్కటి సుమారు నూరు కోట్ల సూర్యుల ద్రవ్యరాశికి ప్రతినిధి.

ఇట్టి గణనలో చిన్న గుంపులు ఢీకొని పెద్దవిగా కలిసిపోవడం ముఖ్య ఘట్టం. ఈ విషయమై మన హైదరాబాదు కృషి స్మరణీయం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళవేత్త సాలెహ్ ముహమ్మద్ అలాదీన్ (1931–2011) గెలాక్సీల సంఘర్షణపై 1965లో ప్రామాణికమైన వ్యాసం ప్రకటించారు. రెండు గెలాక్సీలు ఒకదానిలోనుంచి మరొకటి దూసుకుపోయినా నక్షత్రాలు ఢీకొనడం బహు అరుదు. కాని పరస్పరాకర్షణ వలన గమనశక్తి కొంత నక్షత్రాల లోపలి చలనానికి బదిలీ అవుతుంది. గెలాక్సీల వేగం తగ్గుతుంది. అది చాలినంత తగ్గితే రెండూ విడిపోలేవు.

గణన ఫలితాలను ఆకాశంలోని గెలాక్సీల పటాలతో పోల్చుతారు. పెద్ద కొలతలో పొందిక బాగుంది. చిన్న గెలాక్సీల కేంద్రాల విషయంలో వివాదం ఇంకా తెగలేదు. కృష్ణ పదార్థపు కణం ఇంతవరకు ఏ ప్రయోగశాలలోనూ నిర్ధారితం కాలేదు. ఆకర్షణ సూత్రాన్నే సవరించాలని మిల్‌గ్రోమ్ 1983లో ప్రతిపాదించాడు.

ఇక్కడ ధార్మిక రచయితలు జాగ్రత్త వహించాలి. ప్రతి కొత్త సిద్ధాంతానికీ ఒక ఆయతును జోడించడం కొందరికి అలవాటైంది. అనువాదంలో ‘కృష్ణ పదార్థం’ అన్న మాట చొప్పిస్తే, రేపు సిద్ధాంతం మారిననాడు పాఠకుడు శంకించేది అనువాదకుణ్ణి కాదు, గ్రంథాన్ని. ఇల్మ్ వేరు, జన్న్ వేరు అని మన విద్వాంసులు నేర్పారు. కొలిచిన వేగాలు మొదటి కోవకు దగ్గర. కృష్ణ పదార్థపు స్వభావాన్ని గూర్చిన ఊహలు నేటికి రెండవ కోవలోనివి. సృష్టిని పరిశీలించుమన్న ఆదేశాన్ని పాటించడానికి ఈ తేడాను గుర్తించడం అవసరం.