సౌర ఫలకాల నీడన గొర్రెల మంద
మేము తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం గుండా నడిచినప్పుడల్లా ఒక విషయం గమనిస్తాము: ఎండలు ముదిరినా చెట్ల నీడన గడ్డి పచ్చగా ఉంటుంది.

సౌర ఫలకాల నీడ కూడా అలాగే నేల తేమను కాపాడుతుంది. అమెరికా, ఆస్ట్రేలియాలలో ఆ గడ్డిపై గొర్రెలను మేపుతున్నారు. గడ్డి ఎదిగి ఫలకాలను కమ్మదు. జీవాలకు నీడ, నేలకు ఎరువు లభిస్తాయి. మేకలైతే ఫలకాలపైకి ఎక్కుతాయి, తీగలు కొరుకుతాయి. కనుక గొర్రెలే తగినవి.

కర్నూలులోని 1000 మెగావాట్ల సౌర పార్కు దాదాపు 6 వేల ఎకరాలలో ఉంది. అంతటి నేలకు కంచె వేస్తే కాపరి మందను ఎక్కడికి తోలుకుపోవాలి?

భూమి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మన ఇంట దీపం వెలగడానికి కాపరి ఇంట పొయ్యి ఆరనక్కరలేదు. కంచె ద్వారం తెరిచి, అతనితో మేత ఒప్పందం చేసుకుంటే రెండూ నిలుస్తాయి.