మైక్రో బీఎఫ్‌డీ

రెండు రౌటర్ల మధ్య ఒక్క లింకు చాలనప్పుడు కొన్ని లింకులను కలిపి ఒకే ఇంటర్‌ఫేస్‌గా వాడతారు. దాన్నే లింక్ అగ్రిగేషన్ గ్రూప్, పొట్టిగా ల్యాగ్ అంటారు. వాటిలో ఒకటి చడీచప్పుడు లేకుండా చచ్చుబడితే? పోర్టు దీపం వెలుగుతూనే ఉండొచ్చు. దాని మీదకు మళ్లిన డేటా మాత్రం అవతలికి చేరదు. కొందరికే కాల్ తెగుతుంది, మిగతావారికి అంతా సవ్యమే. నెట్‌వర్క్ ఇంజినీర్లను ఇంతగా విసిగించే లోపాలు తక్కువ.

లింకుల బాగోగులు చూసే ఎల్‌ఏసీపీ, వేగ పద్ధతిలోనైనా లోపం తేల్చడానికి 3 సెకన్లు తీసుకుంటుంది. నెమ్మది పద్ధతిలో 90. అంతకంటే చురుకైనది బీఎఫ్‌డీ: రెండు రౌటర్లూ తరచూ చిన్న ప్యాకెట్లు పంపుకుంటూ, అవి ఆగితే దారి తెగిందని గుర్తించే పద్ధతి. కానీ ల్యాగ్ మొత్తానికి ఒకే సెషన్ పెడితే దాని ప్యాకెట్లు సాధారణంగా ఏదో ఒక లింకు మీదే నడుస్తాయి. తక్కినవాటి సంగతి దానికి పట్టదు.

2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7130 అనే ప్రమాణం ఈ లోటు తీర్చింది. ప్రతి సభ్య లింకుకూ విడి సెషన్, యూడీపీ పోర్టు 6784. అదే మైక్రో బీఎఫ్‌డీ. 100 మిల్లీసెకన్లకో ప్యాకెట్ పంపుతూ, వరుసగా మూడు రాకపోతే లింకు పోయినట్టేనని అమర్చామనుకోండి. సుమారు 300 మిల్లీసెకన్లలో ఆ లింకు పక్కకు తప్పుకుంటుంది, ట్రాఫిక్ మిగతావాటికి మళ్లుతుంది.

అమరిక రెండు వైపులా ఉండాలి. వ్యవధిని మరీ కుదించకండి: ప్రాసెసర్‌పై భారం పెరిగిన వేళ మంచి లింకు కూడా పోయినట్టు లెక్కవుతుంది. కనీసం ఎన్ని లింకులు మిగిలితే ల్యాగ్‌ను నిలపాలో కూడా ముందే నిర్ణయించుకోండి.